తుపాకీ హింస, పిల్లల భద్రత, గృహహింసలపై రాష్ట్ర సలహా సంఘం: మనవాళ్ల తరఫున అక్కడ ఏమి అడగాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరుంటున్న అమెరికా రాష్ట్రంలో తుపాకీ హింస, పిల్లల భద్రత, గృహహింస అనే మూడు అంశాలను కలిపి పరిశీలించడానికి గవర్నరు ఒక సలహా సంఘాన్ని నియమించారు. ఆ సంఘం బహిరంగ సమావేశంలో మాట్లాడడానికి మీ ఊరి తెలుగు సంఘం మిమ్మల్ని పంపుతోంది. ఇలాంటి సంఘాలు నివేదిక రాసి ఊరుకోవడం తప్ప నిజంగా ఏమైనా సాధించాయా, మూడు వేర్వేరు సమస్యలను ఒకే సంఘానికి ఎందుకు అప్పగిస్తారు, మనవాళ్ల తరఫున అక్కడ అడగవలసినది ఏమిటి అని మీరు అడిగారు. గృహహింసకు గురైన స్త్రీలకు కోర్టు పనుల్లో తోడుగా నిలిచే ఉద్యోగంలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇలాంటి సంఘాల సమావేశాలకు హాజరైన అనుభవమూ ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఇలాంటి సంఘాలు కొన్నిచోట్ల చాలా మేలు చేశాయి. అయితే మేలు చేసినవాటికీ, నివేదిక అటకెక్కినవాటికీ మధ్య తేడా సభ్యుల హోదాలో గాని, వారి సదుద్దేశంలో గాని లేదు. సలహా సంఘానికి చట్టం చేసే అధికారం ఉండదు, నిధులిచ్చే అధికారమూ ఉండదు. ఒక మనిషి చనిపోవడానికి ముందు ఏయే కార్యాలయానికి ఏమేమి తెలుసు, ఆ తెలిసిన సంగతి పక్క కార్యాలయానికి ఎందుకు చేరలేదు అన్నది తవ్వి బయటపెట్టడం, ఆ లోపాన్ని సరిదిద్దవలసిన అధికారి ఎవరో, ఎప్పటిలోగా సరిదిద్దాలో పేరుపెట్టి రాయడం మాత్రమే దాని చేతిలో ఉన్నాయి. ఈ రెండు పనులూ చేసిన సంఘం మాటకు శాసనసభలో విలువ ఉంటుంది. "అవగాహన పెంచాలి, సమన్వయం మెరుగుపరచాలి" అని రాసి ముగించిన నివేదికను మరుసటి ఏడాదికి ఎవరూ తిరిగి తెరవరు.

మూడు అంశాలను ఎందుకు కలిపారు అన్న మీ సందేహానికి జవాబు ఒక పాత కేసులో ఉంది. 1990 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక స్త్రీని ఆమె భర్త, తొమ్మిదేళ్ల కొడుకు చదువుకునే బడి దగ్గరే, ఉపాధ్యాయులూ పిల్లలూ చూస్తుండగా తుపాకీతో కాల్చి చంపి, తనను తాను కాల్చుకున్నాడు. ఆమె మౌనంగా భరిస్తూ కూర్చోలేదు. అంతకుముందు ఏడాదికి పైగా పోలీసుల దగ్గరికీ కోర్టుల దగ్గరికీ తిరుగుతూనే ఉంది, భార్యను కొట్టిన నేరం అతనిపై రుజువైంది కూడా. ఆమె మరణం తరువాత ఆ నగరపు మహిళా కమిషన్, ఆమె ఏ తలుపు ఎప్పుడు తట్టింది, ఆ తలుపు వెనుక ఉన్నవారు ఏమి చేశారు, చేసినది మిగతావారికి తెలిసిందా లేదా అని వరుసగా పరిశీలించి నివేదిక ఇచ్చింది. అమెరికాలో గృహహింస మరణ సమీక్ష అనే పద్ధతికి అదే ఆరంభమని ఈ రంగంలో ఉన్నవారందరూ అంగీకరిస్తారు. తరువాత 1995లో కాలిఫోర్నియా, జిల్లాల స్థాయిలో ఇలాంటి సమీక్ష బృందాలను ఏర్పాటు చేసుకోవడానికి చట్టం చేసింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో అవి ఉన్నాయి. ఆ ఒక్క ఘటననే తీసుకుంటే అది తుపాకీ హింసా, బడిలో పిల్లల భద్రతా, గృహహింసా? ఏ ఒక్క శాఖ దాన్ని తనదిగా తీసుకున్నా మిగతా రెండు శాఖల దగ్గరున్న కాగితాలు దానికి అందవు. మీ గవర్నరు మూడింటినీ ఒకే బల్ల దగ్గరికి తేవడం అందుకే సరైన పని అని నేను భావిస్తున్నాను.

ఇదే విషయాన్ని ఇంకా పెద్ద ఎత్తున చూపిన ఘటన 2017 నవంబరు 5న టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి చర్చిలో జరిగింది. గర్భస్థ శిశువుతో కలిపి 26 మంది ప్రాణాలు పోయాయి. కాల్పులు జరిపినవాడు వైమానిక దళంలో ఉండగా భార్యను కొట్టినందుకు, పసివాడైన సవతి కొడుకు పుర్రె చిట్లేలా గాయపరచినందుకు 2012లో సైనిక కోర్టు అతనికి శిక్ష వేసింది. ఆ శిక్ష పడినవాడికి దేశంలో ఎక్కడా తుపాకీ అమ్మకూడదు. కాని వైమానిక దళం ఆ శిక్ష వివరాలను ఎఫ్‌బీఐ జాబితాకు పంపలేదు, అందువల్ల దుకాణాల్లో జరిగే తనిఖీలో అతని పేరు అడ్డుపడలేదు. దాడి జరిగిన చర్చి, అప్పటి అతని భార్య తల్లి వెళ్లే చర్చి. 2021లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఈ నష్టంలో 60 శాతం బాధ్యత ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పారు. చట్టం ఉంది, శిక్ష పడింది, తనిఖీ కూడా జరిగింది. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి వెళ్లవలసిన వివరం మాత్రం వెళ్లలేదు. టీవీల్లో దాన్ని చర్చిలో జరిగిన సామూహిక కాల్పులుగా చూపించారు. నా వంటి వారికి అది ఐదేళ్లు ముందే మొదలైన గృహహింస కేసు.

ఇక సలహా సంఘాల పనితీరు విషయానికి వస్తే, పోల్చి చూడడానికి రెండు రాష్ట్రాలను తీసుకుంటాను. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. హంతకుడు బడికి వెళ్లేముందు ఇంట్లో తల్లిని చంపాడని, వాడిన తుపాకులు ఆమె చట్టబద్ధంగా కొన్నవేనని మీకు గుర్తుండే ఉంటుంది. 2013 జనవరిలో గవర్నరు డానెల్ మలాయ్ 16 మందితో శాండీ హుక్ సలహా కమిషన్‌ను వేసి, హామ్‌డెన్ పట్టణ మేయర్ స్కాట్ జాక్సన్‌ను అధ్యక్షుడిగా నియమించారు. అది అదే ఏడాది మార్చిలో మధ్యంతర నివేదికను, 2015 మార్చిలో తుది నివేదికను ఇచ్చింది. ఈ రెండింటి మధ్య రెండేళ్లు గడిచాయి. రాష్ట్ర శాసనసభ మాత్రం 2013 ఏప్రిల్ మొదటి వారంలోనే తుపాకులపై పెద్ద చట్టం చేసేసింది. శాసనసభ్యులు తుది నివేదిక కోసం ఎదురుచూడరు. ప్రజల మనసు కదిలి ఉన్న కొద్ది వారాల్లోనే చట్టాలు జరుగుతాయి, కాబట్టి సంఘం చెప్పదలచుకున్న ముఖ్యమైన మాటలు మధ్యంతర నివేదికలోనే ఉండాలి. మీరు మాట్లాడబోయేది మొదటి సమావేశాల్లో అయితే, ఇప్పుడు చెప్పిన మాటకే ఎక్కువ బలం.

ఆ కమిషన్ తుది నివేదికలో నాకు బాగా నచ్చిన భాగం చాలా సాదాసీదా విషయం. ప్రతి తరగతి గది తలుపుకూ లోపలినుంచి తాళం వేసుకునే వీలుండాలని అది గట్టిగా చెప్పింది. తమ ముందుకు వచ్చిన సాక్ష్యాల ప్రకారం, తాళం వేసిన తరగతి గది తలుపును బద్దలుకొట్టి కాల్పులు జరిపిన సందర్భం ఒక్కటీ లేదని పేర్కొంది. ఖర్చు తక్కువ, చేయవలసినవారు ఎవరో స్పష్టం, జరిగిందో లేదో తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. సిఫార్సు అంటే అలా ఉండాలి. బడుల భద్రత పేరుతో అమ్మకానికి వచ్చే కెమెరాలు, యంత్రాలు, పసిపిల్లలను భయపెట్టే తరహా కాల్పుల డ్రిల్లులు, వీటి గురించి సంఘం ముందు సమయం వెచ్చించవద్దని నా మనవి. వాటిని సమర్థించడానికి అమ్మేవాళ్లు ఎలాగూ వస్తారు.

అదే కమిషన్‌కు ఒక పెద్ద లోటు ఉండేది. సమన్లు పంపి కాగితాలు తెప్పించుకునే అధికారం దానికి లేకపోవడంతో, హంతకుడి వైద్య, విద్యా రికార్డుల కోసం చాలా కాలం ఇబ్బంది పడింది. అలాంటి రికార్డులు చూసే అధికారం చట్టం ద్వారా ఉన్న రాష్ట్ర బాలల హక్కుల అధికారి కార్యాలయం మాత్రం 2014 నవంబరులో విడిగా నివేదిక ఇచ్చింది. నిపుణులు ఏళ్ల ముందే సూచించిన చికిత్స ఆ హంతకుడికి చిన్నతనంలో ఎలా అందకుండా పోయిందో అందులో ఏటికేడాది కనిపిస్తుంది. ఫ్లోరిడాలో ఇంకో పద్ధతి చూస్తాం. 2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్ ఉన్నత పాఠశాలలో 17 మంది చనిపోయిన తరువాత, మార్చి 9న సంతకమైన చట్టంలోనే విచారణ కమిషన్‌ను ఏర్పాటు చేసి, దానికి సమన్లు జారీచేసే అధికారమూ ఇచ్చారు. పిల్లలను పోగొట్టుకున్న తండ్రులు అందులో సభ్యులుగా కూర్చున్నారు. షెరీఫ్ (స్థానిక పోలీసు అధిపతి) బాబ్ గువల్టియేరి అధ్యక్షతన అది 2019 జనవరికల్లా మొదటి నివేదికను ఇచ్చింది. అత్యవసర ఫోను ఎక్కడికి వెళ్లి ఎక్కడ ఆలస్యమైంది, పోలీసు రేడియోలు ఎందుకు పనిచేయలేదు, భవనం బయట నిలిచిపోయిన అధికారి ఏమి చేయాల్సింది అన్నవి నిమిషాల లెక్కన అందులో ఉన్నాయి. ఉపాధ్యాయుల చేతికి తుపాకులు ఇవ్వవచ్చన్న దాని సిఫార్సుతో నేను ఏకీభవించను, ఆ కమిషన్‌లోనే దాన్ని వ్యతిరేకించినవారు ఉన్నారు. అయినా నిజాలు రాబట్టడంలో అధికారం ఉన్న సంఘానికీ లేని సంఘానికీ ఎంత తేడా ఉంటుందో ఈ రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మీ సంఘం గవర్నరు ఉత్తర్వుతో ఏర్పడిందా, చట్టంతో ఏర్పడిందా, దానికి రికార్డులు తెప్పించుకునే వీలుందా అన్నది ముందే తెలుసుకోండి. లేకపోతే, కనీసం గృహహింస మరణాల వరకు, పేర్లు బయటపడని పద్ధతిలో రికార్డులు చూసే అధికారం ఇవ్వమని అడగడమే మీ మొదటి కోరిక కావచ్చు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్న విషయానికి వస్తున్నాను. గృహహింసలో తుపాకీ ఎంత ప్రమాదమో ఊహించి చెప్పవలసిన పని లేదు. నర్సింగ్ ఆచార్యురాలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, హింసించేవాడి చేతికి తుపాకీ అందుబాటులో ఉంటే స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు ఐదు రెట్లు పెరుగుతుందని తేలింది. దీనికి తగిన ఫెడరల్ చట్టమూ ఉంది. రక్షణ ఉత్తర్వు (బాధితురాలి జోలికి వెళ్లకూడదని హింసించినవాడికి కోర్టు ఇచ్చే ఆదేశం) కింద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోకూడదని 1994లో, గృహహింస నేరం చిన్నదైనా రుజువైనవాడు ఉంచుకోకూడదని 1996లో చట్టం చేశారు. పెళ్లి కాకుండా సహవాసంలో ఉన్నవారి విషయంలో ఉన్న వెలితిని 2022లో కొంతవరకు పూడ్చారు. రక్షణ ఉత్తర్వు కింద ఉండగా తుపాకులు ఉంచుకున్న రహీమీ అనే వ్యక్తి కేసులో 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 మెజారిటీతో 1994 నాటి నిషేధాన్ని సమర్థించింది కాబట్టి దాని చెల్లుబాటుపై సందేహం తొలగింది.

అయితే ఆ ఫెడరల్ చట్టం "ఉంచుకోకూడదు" అని మాత్రమే అంటుంది. ఇంట్లో ఉన్న తుపాకీని ఎవరు వెళ్లి తీసుకోవాలి, ఎక్కడ అప్పగించాలి, అప్పగించాడని కోర్టుకు ఎవరు చెప్పాలి, అప్పగించకపోతే మరునాడు ఎవరు తలుపు తట్టాలి అన్న పని రాష్ట్రాలకు వదిలేసింది. పైగా ఇరుపక్షాలకూ నోటీసు ఇచ్చి విచారణ జరిగాక వచ్చిన ఉత్తర్వుకే ఆ నిషేధం వర్తిస్తుంది. స్త్రీ ఒంటరిగా కోర్టుకు వెళ్లి తెచ్చుకునే తాత్కాలిక ఉత్తర్వుకు అది వర్తించదు. ఈ పనిలో ఉన్నవారు ఎవరిని అడిగినా చెబుతారు, ఆమె ఇల్లు వదిలిన రోజులు, తాత్కాలిక ఉత్తర్వు అతని చేతికి అందిన రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. సరిగ్గా ఆ రోజుల్లోనే చట్టం నిశ్శబ్దంగా ఉంటుంది. కనెక్టికట్ ఈ వెలితిని 2016లో పూడ్చింది. తాత్కాలిక ఉత్తర్వు అందిన 24 గంటల్లోగా తుపాకులు అప్పగించాలని చట్టం చేసింది. మీ రాష్ట్రంలో ఇది ఉందో లేదో కోర్టు గుమస్తా కార్యాలయంలో అడిగినా తెలుస్తుంది.

చట్టం ఉన్నా అమలుకు మనుషులు కావాలని చూపిన చోటు వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది). సియాటిల్, బెల్వ్యూ, రెడ్‌మండ్ అందులోనివే కాబట్టి మనవాళ్లు వేల సంఖ్యలో ఉన్న ప్రాంతం. గృహహింస కేసుల్లో ఆయుధాలు అప్పగించమని ఆదేశించే చట్టం ఆ రాష్ట్రంలో 2014లో వచ్చింది. ఉత్తర్వులు వచ్చేవి గాని, తుపాకులు మాత్రం చాలా తక్కువగా చేతికి వచ్చేవి. 2018లో ప్రాసిక్యూటర్లు, పోలీసులు, షెరీఫ్ సిబ్బంది, బాధితుల తరఫు సహాయకులు ఒకే బృందంగా కూర్చునే ఏర్పాటు చేశారు. ఆ బృందం రక్షణ ఉత్తర్వు కోసం వచ్చిన అర్జీలను చదువుతుంది, ఆ స్త్రీతో మాట్లాడి ఏయే తుపాకులు ఉన్నాయి, ఎక్కడ దాచుతాడు, తాగినప్పుడు తీస్తాడా అని అడుగుతుంది, పాత పోలీసు రికార్డులతో సరిచూస్తుంది, ఉత్తర్వు అందించేటప్పుడే ఆయుధాలు తీసుకునేలా చూస్తుంది, "నా దగ్గర ఏమీ లేవు" అని అతను సంతకం పెడితే ఆ మాట నిజమో కాదో పరిశీలిస్తుంది. ఇందులో కొత్త చట్టం లేదు, కొత్త యంత్రం లేదు. ఈ పని నాది అని చెప్పుకునే కొందరు ఉద్యోగులు, వారి జీతాలకు నిధులు ఉన్నాయి, అంతే. మీరు సంఘం ముందు ఒక్క కోరికే కోరే అవకాశం ఉంటే, ఇలాంటి బృందాన్ని ప్రతి కౌంటీలో లేదా రెండు మూడు కౌంటీలకు కలిపి పెట్టమని అడగండి.

దీనికి దగ్గరదే ఇంకో మార్గం ఉంది. ఎవరైనా తమకో ఇతరులకో ప్రాణహాని తలపెట్టే స్థితిలో ఉన్నారని ఆధారాలు ఉంటే, నేరం రుజువు కాకపోయినా కొంతకాలం తుపాకులు తీసివేయించే ఉత్తర్వు అది. ఇక్కడ దాన్ని రెడ్ ఫ్లాగ్ చట్టం అంటారు. దేశంలో మొదట 1999లో చేసింది కూడా కనెక్టికటే. అక్కడ 1999 నుంచి 2013 వరకు అలా తుపాకులు తీసివేసిన 762 సందర్భాలను పరిశీలించిన జెఫ్రీ స్వాన్సన్ బృందం, ప్రతి పది నుంచి ఇరవై ఉత్తర్వులకు సుమారుగా ఒక ఆత్మహత్య తప్పిందని అంచనా వేసింది. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఎవరికీ చెప్పుకోలేక కుంగిపోయే మగవాళ్లు మనలో ఉన్నారు. వారి ఇంట్లో తుపాకీ ఉంటే అది భార్యాపిల్లలకే కాక అతనికీ ప్రమాదమే. ఈ ఉత్తర్వు అతని మీద నేరారోపణ కాదన్న సంగతి మన కుటుంబాలకు తెలియజేయడం తెలుగు సంఘాలు చేయదగిన మంచి పని.

పిల్లల విషయంలో నేను చెప్పేది కూడా ఇంట్లో ఉన్న తుపాకీ గురించే. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల లోపువారి మరణాలకు మొదటి కారణం తుపాకీ గాయాలే, రోడ్డు ప్రమాదాలను కూడా అవి దాటిపోయాయి. బడుల్లో జరిగిన దాడులపై సీక్రెట్ సర్వీస్ (అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే ఫెడరల్ సంస్థ) 2019లో ఇచ్చిన అధ్యయనంలో, తుపాకీ వాడిన విద్యార్థుల్లో నాలుగింట మూడొంతుల మంది దాన్ని తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల ఇంటినుంచే తెచ్చారని తేలింది. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ పాఠశాలలో 2021 నవంబరులో నలుగురు విద్యార్థులను చంపిన కేసులో 2024లో ఆ కుర్రవాడి తల్లిదండ్రులిద్దరికీ శిక్షపడింది. తుపాకీకి తాళం వేసి, తూటాలను వేరుగా దాచడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేయమని సంఘాన్ని అడగండి. మన ఇళ్లలోనూ ఈ మాట జరగాలి. ఇళ్లలో బంగారం ఉంటుందని మనవాళ్ల ఇళ్లపై దొంగతనాలు జరిగాక, గ్రీన్‌కార్డో పౌరసత్వమో వచ్చినవారిలో తుపాకీ కొన్నవారు ఉన్నారు. కొన్నవారికి దాన్ని ఎలా భద్రపరచాలో చెప్పినవారు లేరు. పిల్లలను ఆడుకోవడానికి పక్కింటికి పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా" అని అడగడానికి మనకు మొహమాటం. వేరుశనగ పడదని చెప్పడానికి మొహమాటపడనివాళ్లం, దీనికీ పడనక్కరలేదు.

ఇక మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కులు. వీటిని ఆ సంఘంలో మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మొదటిది, హెచ్‌1బీ వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఆయుధ నేరానికి, గృహహింస నేరానికి, రక్షణ ఉత్తర్వు ఉల్లంఘనకు దేశంనుంచి పంపివేసే ప్రమాదం కూడా ఉంది. దీనివల్ల మేలు జరగాలి గాని, ఆచరణలో భార్య నోరు మూసుకుపోతుంది. అతని ఉద్యోగం మీద, అతని వీసా మీద ఆధారపడి ఉన్న హెచ్‌4 భార్యకు, "ఇంట్లో తుపాకీ ఉంది" అని పోలీసులకు చెప్పడమంటే తన ఇంటినీ పిల్లల చదువునూ తానే కూల్చుకోవడమని అనిపిస్తుంది. ఆ భయాన్ని భర్త బాగా వాడుకుంటాడు. ఆమెకు తెలియని సంగతులు ఇవి: హింసకు గురైన హెచ్‌4 భార్య సొంతంగా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవడానికి చట్టంలో వీలుంది. గృహహింస నేర విచారణకు సహకరించినవారికి యూ వీసా మార్గం ఉంది, దానికి ఏడాదికి 10,000 పరిమితి ఉండడంవల్ల ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి వచ్చినా మార్గమైతే ఉంది. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితే అతని సంతకం లేకుండానే గ్రీన్‌కార్డు కోసం సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. యూ వీసాకు పోలీసు లేదా ప్రాసిక్యూటర్ కార్యాలయం ధ్రువపత్రం ఇవ్వాలి. కొన్నిచోట్ల వెంటనే ఇస్తారు, కొన్నిచోట్ల నెలల తరబడి కదలదు. ఈ ధ్రువపత్రానికి రాష్ట్రమంతటా ఒక గడువు పెట్టమని అడగడం పూర్తిగా సలహా సంఘం పరిధిలో ఉన్న విషయం.

రెండవది భాష. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2017 నాటికే 4 లక్షలు దాటింది. అయినా రాత్రివేళ పోలీసులు ఇంటికి వచ్చినప్పుడు జరిగేది ఇది: ఆమెకు ఇంగ్లీషు తడబడుతుంది, అతను గడగడా మాట్లాడతాడు, అధికారి అతని మాటే రాసుకుని వెళతాడు. కొన్నిసార్లు పదేళ్ల పిల్లను పిలిచి అమ్మ ఏమంటోందో చెప్పమంటారు. తండ్రి ఎదుట నిలబడి ఆ పిల్ల ఏమి చెప్పగలదు? చాలా రాష్ట్రాల్లో పోలీసులు అక్కడికక్కడే ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. మేరీలాండ్‌లో 2005లో మొదలైన ఆ పద్ధతిలో "నీ మీద ఆయుధం ఎత్తాడా, చంపుతానన్నాడా, చంపగలడని నీకు అనిపిస్తోందా" అన్నవి మొట్టమొదటి ప్రశ్నలు. వాటిని భర్త ద్వారానో బిడ్డ ద్వారానో అడిగితే అడగనట్టే. ఇంట్లోవాళ్ల చేత అనువాదం చేయించరాదని, ఫోను ద్వారా తెలుగు అనువాదకులను పిలవాలని, ఆ ప్రశ్నల తెలుగు ప్రతి పోలీసుల దగ్గర ఉండాలని సంఘం ముందు పెట్టండి. ఆ ప్రతిని మీ తెలుగు సంఘమే తయారుచేయించి ఇస్తే మరీ మంచిది.

మూడవది మన గడప లోపలి మాట. ఇలాంటి గొడవలు తెలిసినప్పుడు మన పెద్దలు ఇరువైపులా కూర్చోబెట్టి సర్దిచెప్పాలని చూస్తారు, ఊరినుంచి అత్తమామలూ తల్లిదండ్రులూ ఫోన్లు చేసి పిల్లల కోసం ఓర్చుకోమంటారు. వారి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కాని చంపుతానన్న మాట వచ్చిన ఇంట్లో, తుపాకీ ఉన్న ఇంట్లో, రాజీ కూర్చోబెట్టడం ఆమె ఎక్కడికి వెళ్లబోతోందో, ఎప్పుడు వెళ్లబోతోందో అతనికి తెలియజేయడమే అవుతుంది. అలాంటి ఫోను వచ్చినప్పుడు మధ్యవర్తిత్వం చేయబోమని, శిక్షణ పొందిన సహాయకులకు అప్పగిస్తామని మీ తెలుగు సంఘం రాతపూర్వకంగా నిర్ణయం తీసుకోవాలి. న్యూజెర్సీలో 1985లో ఏర్పడిన మానవి మొదలుకొని, దక్షిణాసియా స్త్రీల కోసమే పనిచేసే సంస్థలు చాలా నగరాల్లో ఉన్నాయి. జాతీయ గృహహింస సహాయ ఫోను 1-800-799-7233 పగలూ రాత్రీ పనిచేస్తుంది, అనువాదకులను కలుపుతారు. వెంటనే ప్రాణాపాయం ఉంటే 911కే చేయాలి.

చివరగా, మాట్లాడే తీరు గురించి. బహిరంగ సమావేశాల్లో సాధారణంగా ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి, నేను ఇక్కడ రాసినవన్నీ అక్కడ చెప్పాలని చూడవద్దు. మాటగా ఒకటో రెండో కోరికలు చెప్పి, మిగతావి గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి. రాసి ఇచ్చినది అధికారిక రికార్డులో ఉండిపోతుంది, సిబ్బంది నివేదిక రాసేటప్పుడు తెరిచేది దాన్నే. ప్రతి కోరిక పక్కనా ఏ శాఖ చేయాలి, ఎప్పటిలోగా, చేశారని ఎలా తెలుస్తుంది అన్నది ఒక్కో వాక్యంలో చేర్చండి. మీకు తెలిసిన ఏ స్త్రీ కథనూ ఆమె అనుమతితోనైనా గుర్తుపట్టేలా చెప్పవద్దు. ఆ సమావేశాలు రికార్డు అవుతాయి, వాటిని భర్త కూడా చూడగలడు. తాను స్వయంగా మాట్లాడతానని ఎవరైనా ముందుకు వస్తే, ముందుగా ఆమె సహాయకురాలితోనూ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితోనూ మాట్లాడించండి, పేరు లేకుండా లిఖిత వాంగ్మూలం ఇచ్చే వీలుందా అని సంఘం కార్యదర్శిని అడగండి. సంఘం గడువు ముగిసిన తరువాత సిఫార్సుల అమలును ఏడాదికోసారి బహిరంగంగా నివేదించే బాధ్యత ఏ కార్యాలయానిదో నివేదికలోనే రాయమని కోరడం మరిచిపోకండి. మీ రాష్ట్రం పేరు, సమావేశం తేదీ తెలిపితే, అక్కడి తాత్కాలిక ఉత్తర్వుల చట్టం ప్రస్తుతం ఏమంటోందో చూసి, మీరు ఇవ్వబోయే పత్రం చిత్తుప్రతిని చదివి పెడతాను.